కదిలే గీతలు, కదలని ఓట్లు

నియోజకవర్గాల సరిహద్దులను ఒక పార్టీకి లాభం కలిగేలా గీసుకునే విద్యను వివరించబోయే వ్యాసాలు సాధారణంగా ఒక వింత ఆకారంతో మొదలవుతాయి; ఒకచోట ఉబ్బి, మరొకచోట సన్నబడి, ఎన్నో వంకరలు తిరిగిన ఒక నియోజకవర్గపు పటాన్ని అచ్చువేసి, ఇంత వికారంగా ఉన్నదాని వెనుక దురుద్దేశం లేకుండా ఎలా ఉంటుందని పాఠకుణ్ణి అడుగుతాయి. ఆ ప్రశ్న సహజమైనదే గాని, పాఠకుడి చూపును అసలు విషయం మీదినుంచి పక్కకు తప్పిస్తుంది. సరిహద్దుల మాయ అంతా గీత ఎంత వంకరగా ఉందన్నదానిలో లేదు. అదే ఓటర్లతో, అదే చట్టానికి లోబడి గీయదగిన లెక్కలేనన్ని పటాలలో గీసినవారు దేనిని ఎంచుకున్నారన్నదానిలో ఉంది. అచ్చయిన ఒక్క పటంలో ఆ ఎంపిక కనబడదు, ఎందుకంటే ఎంచుకోకుండా వదిలేసిన పటాలు ఆ బొమ్మలో ఉండవు. వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా కళ్ళముందు నడిపించగల సాధనం యానిమేషన్ ఒక్కటే. అయితే అదే సాధనం అజాగ్రత్తగా వాడితే రెండు వందల ఏళ్ళ నాటి ఒక కార్టూను చేసిన తప్పునే మరింత ఆకర్షణీయంగా చేయగలదు.

ఆ కార్టూను పుట్టింది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో. అక్కడి గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ, రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాలను తన డెమొక్రటిక్-రిపబ్లికన్ పార్టీకి అనుకూలంగా విభజించే బిల్లుపై 1812 ఫిబ్రవరిలో సంతకం చేశాడు. ఎసెక్స్ కౌంటీలో పట్టణాల అంచులను చుట్టుకుంటూ వంగిన ఒక నియోజకవర్గానికి రెక్కలు, గోళ్ళు, కోరల తల తగిలించి, సాలమాండర్ అనే ఉభయచరం పేరును గవర్నరు పేరుతో అతికించి, ఆ ఏడాది మార్చి 26న బోస్టన్ గెజెట్ పత్రిక ఒక వ్యంగ్యచిత్రాన్ని ప్రచురించింది. సరిహద్దుల తారుమారుకు జెర్రీమాండరింగ్ అనే పేరు అప్పటినుంచే స్థిరపడింది. తర్వాత జరిగిన సెనేట్ ఎన్నికలలో ప్రత్యర్థులైన ఫెడరలిస్టులకు 51,766 ఓట్లు, గెర్రీ పార్టీకి 50,164 ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం ఫెడరలిస్టులకు 11, గెర్రీ పార్టీకి 29 దక్కాయి. అదే సంవత్సరం గవర్నరు పదవికి జరిగిన ఎన్నికలో గెర్రీ ఓడిపోయాడు, ఎందుకంటే రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గమైన చోట గీత గీసుకోవడానికి స్థలం ఉండదు. ఈ రెండు ఫలితాలను పక్కపక్కన ఉంచి చూస్తే విషయం చాలావరకు అర్థమవుతుంది. కాని జనానికి గుర్తుండిపోయినవి ఈ అంకెలు కావు, కోరల తల.

గత రెండు శతాబ్దాలుగా ఈ విషయంపై జరిగిన ప్రచారమంతా ఆ రాక్షసాకారం నీడలోనే నడిచింది. పెన్సిల్వేనియాలో 2011లో గీసిన 7వ కాంగ్రెస్ నియోజకవర్గాన్ని, డోనల్డ్ డక్‌ను తంతున్న గూఫీ అని జనం ఎగతాళి చేశారు. ఒకచోట అది ఒక్క రెస్టారెంటు ఉన్న స్థలం మేరకు సన్నబడి అవతలి భాగంతో కలిసేది. నవ్వు తెప్పించే బొమ్మే గాని, ఆ నవ్వు వల్ల తేలిగ్గా తప్పించుకునే దారి ఒకటి ఏర్పడింది: ఆకారం చక్కగా ఉంటే చాలు, పటం న్యాయమైనదేనని వాదించవచ్చు. ఉత్తర కరోలినా రాష్ట్రంలో జరిగింది ఇదే. అక్కడి 12వ నియోజకవర్గం 1992లో 85వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి వెంట పొడవునా సాగి, సుప్రీంకోర్టు వరకూ వెళ్ళి అపఖ్యాతి పాలయింది. 2016లో దానిని మళ్ళీ గీసినప్పుడు అది పూర్తిగా మెక్లెన్‌బర్గ్ కౌంటీలోనే ఇమిడింది, మొత్తం పటం కూడా మునుపటికంటే ఎంతో పొందికగా కనిపించింది. అయినా ఆ పొందికైన పటాన్ని గీసిన కమిటీ నాయకుడే, మొత్తం 13 సీట్లలో తమ రిపబ్లికన్ పార్టీకి 10, ప్రత్యర్థులకు 3 వచ్చేలా గీయాలని ప్రతిపాదించి, 11–2గా గీయడం సాధ్యం కాదు గనుకనే 10–3తో సరిపెడుతున్నామని సభలో బాహాటంగా చెప్పాడు. ఆ ఏడాది ఎన్నికలలో రిపబ్లికన్లకు సుమారు 53 శాతం ఓట్లతో సరిగ్గా 10 సీట్లే వచ్చాయి.

కనుక ఈ విషయాన్ని చూపదలచిన యానిమేషన్ మొదట తేల్చుకోవలసింది ఏది కదలాలి, ఏది కదలకూడదు అన్నది. చుక్కలు పెట్టిన చోటే ఉండగా, వాటిమధ్య తిప్పే గీత మారితే ముగ్గే మారిపోయినట్టు, ఇక్కడ ఓటర్లు చుక్కలు, సరిహద్దులు గీతలు. తెరపై ఓటరు స్థానం గాని, రంగు గాని ఒక్క ఫ్రేములోనూ మారకూడదు. దీనికి అతి చిన్న ఉదాహరణ ఐదు అడ్డువరుసలు, ఐదు నిలువువరుసలు ఉన్న ఒక ఊరు: మొత్తం 25 ఇళ్ళు, ఇంటికి ఒక ఓటు, ఐదేసి ఇళ్ళకు ఒక నియోజకవర్గం చొప్పున ఐదు నియోజకవర్గాలు. ఎడమవైపు రెండు నిలువువరుసలలోని 10 ఇళ్ళు ఊదారంగు పార్టీవి, మిగిలిన మూడు వరుసలలోని 15 ఇళ్ళు బూడిదరంగు పార్టీవి. (తెలుగు పాఠకుడి ముందు పసుపు, నీలం, గులాబీ, కాషాయం, ఎరుపు, ఆకుపచ్చలలో ఏది వాడినా బొమ్మకు ముందు జెండా కనబడుతుంది; మిగిలినవి ఈ రెండు రంగులే.)

మొదటి దృశ్యంలో గీతలు నిలువుగా పడతాయి. ప్రతి నిలువువరుసా ఒక నియోజకవర్గమవుతుంది, బూడిద పార్టీకి 3, ఊదా పార్టీకి 2 సీట్లు వస్తాయి, ఓట్ల నిష్పత్తికీ సీట్ల నిష్పత్తికీ తేడా ఉండదు. రెండో దృశ్యంలో అవే గీతలు అడ్డంగా తిరుగుతాయి. ఇప్పుడు ప్రతి నియోజకవర్గంలోనూ మూడు బూడిద ఇళ్ళు, రెండు ఊదా ఇళ్ళు ఉంటాయి గనుక ఐదుకు ఐదు సీట్లూ బూడిద పార్టీవే. 40 శాతం ఓట్లున్న పార్టీకి ఒక్క సీటు కూడా లేదు, అయినా పటంలో ఒక్క వంకర కూడా లేదు. అన్నీ తిన్నని దీర్ఘచతురస్రాలే.

మూడో దృశ్యం కాస్త నెమ్మదిగా నడవాలి. మొదటి అడ్డువరుసలో ఎడమనుంచి నాలుగిళ్ళు, వాటికి తోడు రెండో వరుసలో మొదటి ఇల్లు కలిసి ఒక నియోజకవర్గం. రెండో వరుసలో తర్వాతి మూడిళ్ళు, మూడో వరుసలో మొదటి రెండిళ్ళు కలిసి ఇంకొకటి. ఐదో వరుసలో మొదటి నాలుగిళ్ళు, నాలుగో వరుసలో మొదటి ఇల్లు కలిసి మూడోది. మూడో వరుసలో మూడు, నాలుగు స్థానాల ఇళ్ళు, నాలుగో వరుసలో రెండు నుంచి నాలుగు వరకు ఉన్న ఇళ్ళు కలిసి నాలుగోది. కుడివైపు చివరి నిలువువరుస మొత్తం ఐదోది. లెక్కపెడితే మొదటి మూడింటిలో ఊదా ఇళ్ళు మూడేసి, బూడిద ఇళ్ళు రెండేసి ఉన్నాయి. నాలుగోదానిలో ఊదా ఇల్లు ఒకటే, ఐదోదానిలో ఒక్కటీ లేదు. పది ఇళ్ళ పార్టీ 3 సీట్లతో గెలిచింది, పదిహేను ఇళ్ళ పార్టీ 2 సీట్లతో ఓడింది. ఏ ఓటరూ ఇల్లు మారలేదు, మనసూ మార్చుకోలేదు.

ఈ దృశ్యంలో గమనించవలసిన సంగతి రెండు ఎత్తుగడల కలయిక. చివరి నిలువువరుసలో ప్రత్యర్థి ఓటర్లను ఒకేచోట పోగుచేశారు. మూడు ఓట్లతో గెలవగల చోట ఐదు ఓట్లు పడి, రెండు అక్కరకు రాకుండా పోయాయి. దీనిని కుక్కడం అనవచ్చు. మొదటి మూడు నియోజకవర్గాలలో మిగిలినవారిని రెండేసిగా విడదీసి, గెలుపుకు ఒక్క ఓటు తక్కువయ్యేలా ఉంచారు. దీనిని చీల్చడం అనవచ్చు. గెలుపుకు అవసరమైనదానికి మించి పడిన ఓట్లను, ఓడిన చోట పడిన ఓట్లను కలిపి వృథా ఓట్లుగా లెక్కిస్తే, బూడిద పార్టీకి 9, ఊదా పార్టీకి 1 వృథా అయ్యాయి. అమెరికా పరిశోధకులు నికొలస్ స్టెఫనోపౌలస్, ఎరిక్ మెక్‌గీలు ప్రతిపాదించిన పక్షపాతపు కొలమానం ఈ తేడాపైనే ఆధారపడింది. యానిమేషన్‌లో వృథా అయిన ప్రతి ఓటూ వెలిసిపోయేలా చేస్తే, ఆ కొలమానపు సూత్రాన్ని చదవకుండానే ప్రేక్షకుడికి దాని భావం అందుతుంది. ఐదు నియోజకవర్గాలలోకెల్లా ఎక్కువ బూడిద ఓట్లను మింగినవాటిలో ఒకటి, అంటే చివరి నిలువువరుస, అన్నింటికంటే తిన్నగా ఉండడం మరువరాదు.

ఇంతవరకు చూపినవి మూడు పటాలు. ఇవి ఏరి తెచ్చినవి గనుక, వీటితో ఏదైనా నిరూపించవచ్చునని సందేహించే పాఠకుడి సందేహం న్యాయమైనదే. ఆ ఊరిని ఐదు సమాన నియోజకవర్గాలుగా, ఏ నియోజకవర్గమూ ముక్కలు కాకుండా విభజించడానికి మొత్తం 4,006 మార్గాలు ఉన్నాయి. సినిమా వేగంతో సెకనుకు 24 పటాల చొప్పున చూపితే అన్నీ 2 నిమిషాల 47 సెకన్లలో తెరపై నడిచిపోతాయి. ఒక్కో పటం కనబడగానే ఊదా పార్టీకి ఎన్ని సీట్లో పక్కన ఒక గడిలో ఒక గుర్తు పేరుస్తూ పోతే, సున్నా నుంచి మూడు వరకు నాలుగు కుప్పలు పెరుగుతాయి. నాలుగు సీట్లకు 12 ఇళ్ళు కావాలి గనుక ఐదో కుప్పకు చోటే లేదు. మూడో దృశ్యంలోని పటం ఏ కుప్పలో పడిందో, ఆ కుప్ప మిగిలిన వాటితో పోలిస్తే ఎంత ఎత్తుందో చూడడమే ఈ శాస్త్రంలో అసలైన చూపు. ఒక పటం న్యాయమా కాదా అని దానిని మాత్రమే చూసి తేల్చడం కుదరదు. మిగిలిన పటాల మధ్య దాని చోటు ఎక్కడన్నదే ప్రశ్న.

కాని ఊరు కొద్దిగా పెరిగినా ఈ సినిమా చూడడం ఎవరి తరమూ కాదు. వరుసకు ఆరిళ్ళ చొప్పున 36 ఇళ్ళను ఆరు నియోజకవర్గాలుగా చేస్తే విభజనలు 4,51,206. వాటి ప్రదర్శనకు 5 గంటల 13 నిమిషాలు పడుతుంది. 49 ఇళ్ళకు విభజనలు 15,87,53,814. అవి పూర్తిగా చూడాలంటే 76 రోజులు దాటుతుంది. 64 ఇళ్ళకు 18,749 కోట్ల పైచిలుకు, అంటే 247 సంవత్సరాలు. 81 ఇళ్ళకు ఏడు కోట్ల కోట్ల పైచిలుకు, అంటే సుమారు 9 లక్షల 30 వేల సంవత్సరాలు. ఒక అమెరికన్ రాష్ట్రాన్ని విభజించేటప్పుడు పేర్చవలసినవి వేల సంఖ్యలో ఉండే పోలింగ్ పరిధులు. అన్ని పటాలనూ చూడడమనే ఆశను అక్కడితో వదులుకోవలసిందే.

అన్నం ఉడికిందో లేదో తేల్చడానికి మెతుకు పట్టి చూసే పద్ధతి గణితంలోనూ ఉంది. దాని పేరు యాదృచ్ఛిక నమూనా. పటాల విషయంలో ఆ నమూనాను తీయడానికి గణితవేత్తలు వాడే సాధనం మార్కోవ్ గొలుసు, అంటే ప్రతి అడుగూ తన ముందున్న స్థితిపైన మాత్రమే ఆధారపడే యాదృచ్ఛిక నడక. ఒక పటంతో మొదలుపెట్టి, దానిని కొద్దిగా మార్చి, మార్చినదానిని మళ్ళీ మార్చి, లక్షల అడుగులు వేస్తారు. మూన్ డచిన్, డారిల్ డిఫోర్డ్, జస్టిన్ సాలమన్ రూపొందించిన పద్ధతిలో ఒక్కో అడుగు ఇలా పడుతుంది: పక్కపక్కనే ఉన్న రెండు నియోజకవర్గాల మధ్య గీతను చెరిపి రెంటినీ ఒకటి చేస్తారు, అందులోని పోలింగ్ పరిధులన్నింటినీ కలుపుతూ, ఎక్కడా చుట్టు తిరిగి మొదటికి రాని కొమ్మల జాలాన్ని యాదృచ్ఛికంగా అల్లుతారు, ఏ కొమ్మను తుంచితే రెండువైపులా జనాభా దాదాపు సమానంగా ఉంటుందో వెతికి, దానిని తుంచుతారు, రెండు కొత్త నియోజకవర్గాలు ఏర్పడతాయి. కొమ్మల జాలం విడిపోనంతవరకు నియోజకవర్గమూ ముక్కలు కాదు గనుక చట్టం కోరే అఖండత దానంతటదే వస్తుంది. ఈ గణన స్వభావరీత్యానే ఒక యానిమేషన్. ప్రతి అడుగూ ఒక ఫ్రేము. విషయాన్ని వివరించడానికి బయటినుంచి తెచ్చి అతికించిన బొమ్మ కాకుండా, లెక్కనే తెరపై చూపడం విజ్ఞానప్రచారంలో అరుదుగా దొరికే అవకాశం.

పైన చెప్పిన పెన్సిల్వేనియా పటంపై నడిచిన కేసులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ గణితవేత్త వెస్లీ పెగ్డెన్ ఇటువంటి నడకను మరొక రకంగా వాడాడు. ఆ రాష్ట్రంలో 2012లో డెమొక్రాట్లకు సగానికి కొద్దిగా ఎక్కువ ఓట్లు వచ్చినా, 18 సీట్లలో 13 రిపబ్లికన్లకు పోయాయి. 2014లోనూ, 2016లోనూ అదే 13–5. రాష్ట్రంలో ఓటర్లు నివసించే తీరే అంత, డెమొక్రాట్లు పట్టణాలలో గుమికూడి ఉంటే పటం గీసినవారు ఏం చేస్తారన్నది సమర్థకుల వాదం. పెగ్డెన్ తన సహచరులు మరియా చికినా, అలన్ ఫ్రీజ్‌లతో కలిసి రూపొందించిన పద్ధతిలో నడక అసలు పటం దగ్గరే మొదలవుతుంది. సరిహద్దులోని ఒక్క పోలింగ్ పరిధిని ఇటునుంచి అటు మార్చుతూ సుమారు లక్ష కోట్ల అడుగులు వేస్తారు. ఓటర్ల నివాసాలవల్లనే పక్షపాతం వచ్చి ఉంటే, గీతలను కొద్దికొద్దిగా కదిపినా అది పోకూడదు, ఎందుకంటే కదిలింది గీత మాత్రమే, ఊళ్ళు అక్కడే ఉన్నాయి. కాని గీతలు కాస్త చలించగానే పక్షపాతం తగ్గిపోయింది. నడకలో తగిలిన పటాలలో దాదాపు అన్నీ అసలు పటంకంటే తక్కువ పక్షపాతం ఉన్నవే. అంటే ఆ పటం కొండకొసన జాగ్రత్తగా నిలబెట్టినది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2018 జనవరిలో ఆ పటాన్ని కొట్టివేసింది; కొత్త పటంతో ఆ నవంబరులో జరిగిన ఎన్నికలలో రెండు పార్టీలూ సీట్లను 9–9గా పంచుకున్నాయి.

ఉత్తర కరోలినా ఓటర్లు ఇంత అదృష్టానికి నోచుకోలేదు. అక్కడి 2016 పటంపై నడిచిన కేసులో ఒక నిపుణుడు కంప్యూటర్‌తో గీయించిన 3,000 పటాలలో ప్రతి ఒక్కటీ అసలు పటంకంటే కనీసం ఒక సీటు ఎక్కువ డెమొక్రాట్లకు ఇచ్చింది. డ్యూక్ విశ్వవిద్యాలయ గణితవేత్త జొనాథన్ మాటింగ్లీ గీయించిన 24,518 పటాలలో 99 శాతానికి పైగా అదే చెప్పాయి. 2019లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో, పార్టీల లాభం కోసం గీసిన పటాలపై ఫెడరల్ న్యాయస్థానాలు విచారణ జరపలేవని తేల్చింది. ఎంత పక్షపాతం మితిమీరినదో నిర్ణయించే ప్రమాణం రాజ్యాంగంలో లేదన్నది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పు సారాంశం. న్యాయమూర్తి ఎలెనా కేగన్ భిన్నాభిప్రాయం రాస్తూ పై లెక్కలనే ఉదహరించి, ఆ ప్రమాణం ఆ కుప్పలలోనే ఉందని వాదించింది. గణితం తన పని తాను చేసిందని, న్యాయస్థానం తన పని చేయలేదని అనుకునేవారిని తప్పుపట్టడం కష్టం.

ఇదే సాధనం కొన్నిసార్లు అనుమానాన్ని తోసిపుచ్చుతుంది కూడా, దాని నమ్మదగినతనానికి అది పెద్ద నిదర్శనం. జెర్రీమాండర్ పుట్టిన మసాచుసెట్స్‌లో ఇప్పుడు కాంగ్రెస్ సీట్లు 9. రిపబ్లికన్ అభ్యర్థులకు రాష్ట్రవ్యాప్త ఎన్నికలలో తరచు మూడో వంతు, ఒక్కోసారి అంతకుమించి ఓట్లు వస్తున్నా, 1994 తర్వాత జరిగిన సాధారణ ఎన్నికలలో ఆ పార్టీకి ఒక్క కాంగ్రెస్ సీటు కూడా దక్కలేదు. అంకెలు చూసినవారెవరైనా ఇది పచ్చి మోసమనే అంటారు. మూన్ డచిన్ బృందం ఓట్ల వివరాలతో పరిశీలించినప్పుడు మాత్రం వేరొక సంగతి బయటపడింది: అక్కడ రిపబ్లికన్ ఓటర్లు ఒకచోట గుమికూడకుండా రాష్ట్రమంతటా దాదాపు సమంగా పరచుకొని ఉండడంవల్ల, కొన్ని ఎన్నికల ఓట్లను బట్టి చూస్తే, ఎంత ప్రయత్నించినా ఆ పార్టీకి ఆధిక్యం ఉన్న ఒక్క నియోజకవర్గాన్ని కూడా కూర్చడం సాధ్యం కాదు. ఆ రాష్ట్రపు యానిమేషన్‌లో గీతలు ఎంతసేపు తిరిగినా కుప్ప ఒకచోటే పెరుగుతుంది. తప్పు గీతలది కాదు, ఒక్కో ప్రాంతంనుంచి ఒక్కరినే గెలిపించే పద్ధతిది.

యానిమేషన్ చేయగల మోసం గురించి కూడా చెప్పుకోవాలి. 1944లో మనోవిజ్ఞానవేత్తలు ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమెల్ రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం అటూయిటూ కదిలే చిన్న చిత్రాన్ని చూపి, ఏం కనిపించిందో రాయమన్నారు. మొదటి బృందంలోని 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ ఆ ఆకారాలకు ప్రాణం పోసి, తరమడం, బెదిరించడం, దాక్కోవడం వంటి కథలు చెప్పారు. కదిలేదానిలో సంకల్పాన్ని చూడడం మనిషి కంటికి అలవాటు. కనుక తెరపై ఒక సరిహద్దు సాగి ఒక పేటను తనలో కలుపుకోగానే, ఆ గీతకు ఆకలి ఉందని, దాని వెనుక ఒక చేయి ఉందని ప్రేక్షకుడు నమ్ముతాడు. ఆ సాగడం జనాభా సమానం చేయడానికి కంప్యూటర్ వేసిన యాదృచ్ఛికమైన అడుగు అయినా సరే. దురుద్దేశాన్ని నిరూపించవలసిన చోట యానిమేషన్ దానిని ఉచితంగా అందిస్తుంది. ఇది పాత కార్టూనులోని కోరల తలకు కొత్త రూపమే.

దీనికంటే సూక్ష్మమైన తప్పు, రెండు పటాల మధ్య ఆకారాలను నెమ్మదిగా ఒకదానిలోకి ఒకటి కరిగించడం. ఉత్తర కరోలినా 12వ నియోజకవర్గపు 1992 నాటి ఆకారాన్ని 2016 నాటి ఆకారంలోకి అలా కరిగిస్తే, అది పాతికేళ్ళపాటు మెల్లగా తనంతట తానే ముడుచుకున్నట్టు కనబడుతుంది. నిజానికి ఆ మధ్య ఆకారాలు ఏనాడూ లేవు, ప్రతి మార్పూ ఒక శాసనంతోనో, ఒక తీర్పుతోనో ఒక్కసారిగా వచ్చింది. ఈ రకమైన సరిహద్దు చరిత్రను చూపేటప్పుడు పాత పటం ఆగాలి, కొత్తది దాని స్థానంలో పడాలి, చేతులు మారిన ప్రాంతం మాత్రమే వెలగాలి. మనోవిజ్ఞానవేత్త బార్బరా ట్వెర్‌స్కీ తన సహపరిశోధకులతో 2002లో చేసిన సమీక్ష ప్రకారం, స్థిరచిత్రాలకంటే యానిమేషన్ మేలని చెప్పిన పరిశోధనలలో చాలావాటిలో యానిమేషన్‌కు అదనపు సమాచారం కూడా తోడయింది. సమాచారం సమానంగా ఉన్నచోట ఆ మేలు కనబడలేదు. వేగంగా పోయే మార్పును కన్ను పట్టుకోలేకపోవడం అందుకు ఒక కారణం. మరోవైపు పరిశోధకురాలు జెస్సికా హల్‌మన్ బృందం 2015లో చూపినట్టు, అనిశ్చితమైన ఫలితాలను ఒక్కో ఫ్రేముకు ఒక్కటిగా నడిపిస్తే, గణితశాస్త్ర శిక్షణ లేనివారు కూడా రెండు మూడు రాశులను పోల్చే అంచనాలను మరింత కచ్చితంగా వేయగలుగుతారు. నియోజకవర్గాల విషయంలో ఈ రెండింటినుంచి తేలేది ఇంతే: పటాలు ఫ్రేములుగా గడిచిపోవచ్చు, కుప్పలు మాత్రం తెరపై నిలిచి ఉండాలి, కావలసినచోట ఆపే మీట ప్రేక్షకుడి చేతిలో ఉండాలి.

అమెరికాలో ఈ తగాదా ఇంకా ముదురుతోంది. సాధారణంగా పదేళ్ళకొకసారి జనగణన తర్వాత గీసే పటాలను టెక్సాస్ శాసనసభ 2025 ఆగస్టులో నడిమధ్యలోనే తిరగరాసి, రిపబ్లికన్లకు మరో ఐదు సీట్లు వచ్చేలా మార్చింది. దానికి జవాబుగా కాలిఫోర్నియా ఓటర్లు ఆ నవంబరులో డెమొక్రాట్లకు అనుకూలమైన పటాన్ని ఆమోదించారు.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ గీతలు గీసేది శాసనసభ కాదు, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారు లేదా పదవీవిరమణ చేసినవారు అధ్యక్షత వహించే పునర్విభజన సంఘం. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు సహసభ్యులుగా కూర్చున్నా వారికి ఓటు ఉండదు. సంఘం ఉత్తర్వు గెజెట్‌లో వెలువడిన తర్వాత దానిని న్యాయస్థానంలో ప్రశ్నించడానికి రాజ్యాంగం సాధారణంగా అవకాశం ఇవ్వదు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ సంఘం 2001 జనగణన ఆధారంగా గీసిన సరిహద్దులతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో తొలిసారి ఓటు వేసింది. రాష్ట్రాలకు కేటాయించే సీట్ల సంఖ్యను 1976లో స్తంభింపజేయగా, 2001లో చేసిన 84వ సవరణ ఆ స్తంభనను 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించింది. ఉత్తరాది, దక్షిణాదుల వాటా గురించి ఇప్పుడు జరుగుతున్న చర్చ అంతా ఈ సీట్ల సంఖ్యపైనే. ఒక రాష్ట్రం లోపల గీత ఎక్కడ పడుతుందన్న ప్రశ్న ఆ గోలలో వినబడడం లేదు. తెలుగు రాష్ట్రాలకు ఆ ప్రశ్న దూరమైనది కాదు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ శాసనసభ సీట్లను 175 నుంచి 225కు, తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు పెంచాలంటుంది. అంటే రెండు రాష్ట్రాలలోనూ ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఇప్పుడున్న ఏడు శాసనసభ స్థానాలు తొమ్మిదవుతాయి. అది అమలైన రోజున దాదాపు ప్రతి నియోజకవర్గపు గీతా కదలక తప్పదు.

ఆ గీతలను పరీక్షించడానికి కావలసిన ముడిసరుకు ఇక్కడ కొరతేమీ కాదు. పోలింగ్ కేంద్రాలవారీగా ప్రతి అభ్యర్థికి పడిన ఓట్లను ఎన్నికల అధికారులు ఫారం 20లో ప్రకటిస్తారు. గ్రామాలవారీ, మండలాలవారీ జనాభా జనగణనలో దొరుకుతుంది. పటాలను యాదృచ్ఛికంగా గీసే ప్రోగ్రాములు ఉచితంగా లభిస్తున్నాయి. లేనిది పోలింగ్ కేంద్రాల పరిధులు ఎక్కడినుంచి ఎక్కడికో చూపే నమ్మకమైన పటం, కేంద్రానికి కేంద్రాన్ని కలిపే ఓపిక. పునర్విభజన చట్టం ప్రకారం సంఘం తన ముసాయిదాను ముందుగా ప్రచురించి, అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ సమావేశాలు జరపాలి. ఉత్తర్వు వెలువడ్డాక కోర్టు తలుపు దాదాపు మూసుకుపోతుంది గనుక పౌరుడు మాట్లాడగలిగేది ఆ కొద్ది వారాలలోనే. తెలుగు రాష్ట్రాలలోని గణితశాఖలు, కంప్యూటర్ విద్యార్థులు, పత్రికలు పోలింగ్ పరిధుల పటాలను ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవాలి. ముసాయిదా చేతికి వచ్చిన తర్వాత మొదలుపెడితే సమయం చాలదు.